బుడమేరు మా ఇంట్లో ఉన్న ఎనిమిది రోజులు, ఆ తర్వాత

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. పైపుల రోడ్డుకి దగ్గర్లో ఒక ఇంటి కింది పోర్షన్‌లో 11 ఏళ్ళుగా అద్దెకుంటున్నాం. ముందు గదిలో నా కుట్టుమిషన్లు రెండు, వెనక మేము. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తారు. అత్తయ్యగారికి 76 ఏళ్ళు, షుగరు. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది, బాబు అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు బుడమేరు అనే ఏరు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. పడవలు, హెలికాప్టర్లు, మేడల మీద నుంచి చేతులు ఊపే జనం, ఇవన్నీ టీవీలో అందరూ చూసే ఉంటారు. టీవీ వాళ్ళు వెళ్ళిపోయాక మొదలైన పని ఇంకోటి ఉంది. అది సంక్రాంతి దాకా సాగింది. ముఖ్యంగా దాని గురించే రాయాలని కూర్చున్నాను.

శుక్రవారం నుంచే వాన. శనివారం మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. మా దగ్గర కొండ లేదు కదా అని ధైర్యంగానే పడుకున్నాం. కాలవ పొంగి వీధిలో నీళ్ళు నిలబడటం మాకు ప్రతి వానాకాలం మామూలే. రెండు రోజులుగా వాన విడవకపోవడంతో జాకెట్లు తీసుకెళ్ళాల్సిన వాళ్ళు ఎవరూ రాలేదు. శ్రావణమాసం చివర కదా, కుట్టి ఇస్త్రీ చేసి పెట్టినవి, సగం కుట్టినవి కలిపి 43 జాకెట్లు ఉన్నాయి ఇంట్లో. ఫాల్ వేయడానికి ఇచ్చిన చీరలు 11. వాటితో పాటు కొలతకి ఇచ్చిన ఆది జాకెట్లు సరేసరి.

తెల్లవారుజామున ఐదింటికి పైన ఉండే ఓనర్ బాబాయిగారు తలుపు దబదబా కొట్టారు. తీసేసరికి గుమ్మం ముందు మెట్టు కనపడట్లేదు. ఆయన మెట్ల మీద నిలబడి టార్చిలైటు వేసి చూపించారు. "అమ్మాయ్, ఇవి వాన నీళ్ళు కావు. చూడు, నడుస్తున్నాయి" అన్నారు. నిజమే. చెత్త, చెప్పులు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, అన్నీ ఒకే వైపుకి పోతున్నాయి. నిలబడ్డ నీటికి అలాంటి నడక ఉండదు. ఆయన 2005లో బుడమేరు పొంగినప్పుడు ఇక్కడే ఉన్నారు. "సామాను సంగతి తర్వాత, ముందు పెద్దావిడని పైకి ఎక్కించు" అన్నారు.

ఆ తర్వాత మాకు దొరికింది ఓ ముప్పావు గంట. మా ఆయన టీవీ ఎత్తుకున్నారు. బాబు గ్యాస్ సిలిండరు, తన పుస్తకాలు. నేను అత్తయ్యగారిని, ఆవిడ మందుల డబ్బాని పైకి చేర్చి వచ్చేసరికి మోకాళ్ళ దాకా వచ్చేశాయి. బియ్యం మూట పైకి చేర్చాం. మూడోసారి దిగేసరికి నడుముల దాకా ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు, కస్టమర్ల బట్టలు! చేతికి దొరికిన రెండు సంచులు తలమీద పెట్టుకుని ఎక్కాను. మిగతావి బీరువా మీద పెడితే అంత ఎత్తుకి నీళ్ళు రావులే అనుకుని అక్కడ సర్దేశాను. ఇంటి కాగితాల సంచి మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. దాని కోసం మా ఆయన మళ్ళీ దిగబోతే బాబాయిగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. కరెంటు ఇంకా తీయలేదు, మీటరు బోర్డు దగ్గరికి నీళ్ళు వచ్చేశాయి. కాగితాల కోసం మనిషిని పంపించను అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను.

ఎందుకు వచ్చాయి అన్ని నీళ్ళు? ఆ రోజు మాకు తెలియదు. తర్వాత పేపర్లు చదివి, బాబాయిగారిని అడిగి తెలుసుకున్నాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, మా ఊరి మీదుగా వెళ్ళి కొల్లేరులో కలిసే ఏరు. ఊరిని ముంచకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ కాలవ తవ్వి, ఆ నీటిని ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్ళి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. మామూలు రోజుల్లో ఆ ఏర్పాటు బాగానే పని చేస్తుంది. కానీ ఆ రెండు రోజులూ కృష్ణ కూడా పొంగి ఉంది. అటు ఖమ్మంలో ఊళ్ళని ముంచిన మున్నేరు కూడా వచ్చి కలిసేది ఈ కృష్ణలోనే. బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు, 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 11.10 లక్షల కంటే ఎక్కువ. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. నదే అంత ఎత్తున ఉంటే కాలవ నీళ్ళు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి. డైవర్షన్ కాలవ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ గండ్లలోంచి వచ్చినవి, రెగ్యులేటర్ నుంచి వదిలినవి, పైనుంచి పడినవి, అన్నీ కలిసి మా మీదకి వచ్చాయి. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, జక్కంపూడి, ఎటు చూసినా నీళ్ళే.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. "లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి" అని శనివారమంతా టీవీలో స్క్రోలింగ్ వస్తూనే ఉంది. మాది లోతట్టో కాదో మాకెలా తెలుస్తుంది? ఫలానా వీధిలోకి ఇన్ని గంటల్లో ఇంత ఎత్తు నీళ్ళు వస్తాయని ఎవరైనా మైకులో చెప్పి ఉంటే మేమే కాదు, ఆ చుట్టుపక్కల వేల కుటుంబాలు రాత్రికి రాత్రే కట్టుబట్టలతో అయినా బయటపడేవి. ఏటి పక్కన ఇళ్ళు ఎవరు కట్టుకోమన్నారు అని చాలామంది అన్నారు. ఆ మాట వింటే కడుపు రగిలిపోతుంది. మా జీతాలకి అద్దె ఎక్కడ దొరికితే అక్కడ ఉంటాం. ఏరు ఎక్కడి దాకా వస్తుందో చూసి ఇళ్ళకి అనుమతులు ఇవ్వాల్సింది అద్దెకి ఉండేవాళ్ళు కాదు కదా.

పైన వాళ్ళింట్లో మేము, ఎదురింటి వాళ్ళు, వెనక రేకుల షెడ్డులో ఉండే రెండు కుటుంబాల వాళ్ళు కలిపి 19 మందిమి. ఓనర్ పిన్నిగారు ఎవరినీ వద్దనలేదు. మొదటి రోజు సాయంత్రానికి కింది వాకిలి తలుపు పైభాగం మాత్రమే కనపడింది. తాగే నీళ్ళే పెద్ద సమస్య అయింది. డాబా మీద బకెట్లు, గిన్నెలు పెట్టి వాన నీళ్ళు పట్టాం. కాచి తాగాం. ఒక పూట అన్నం, ఒక పూట అటుకులు. అత్తయ్యగారి ఇన్సులిన్‌కి ఫ్రిజ్ లేదు. పిన్నిగారి కొత్త మట్టి కుండలో ఇసుక పోసి, తడిపి, దాని మీద గిన్నెలో సీసా పెట్టి మూత వేశాం. వాడుతున్న ఇన్సులిన్ ఎండ తగలకుండా చల్లగా ఉంటే కొన్నాళ్ళు చెడిపోదని అంతకు ముందే డాక్టరు గారు చెప్పి ఉండటం మంచిదైంది.

ఫోన్లు ఆదివారం రాత్రికే చచ్చిపోయాయి. అమ్మాయి హైదరాబాద్‌లో ఏడుస్తూ కూర్చుంది. బయల్దేరడానికి దారే లేదు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, ఐతవరం దగ్గర హైవే మీద నీళ్ళు. అటు తెలంగాణలో, ఇటు మా దగ్గర ఒకే వాయుగుండం.

సోమవారం హెలికాప్టర్ నుంచి పొట్లాలు వదిలారు, మా వీధిలో చాలావరకు నీళ్ళల్లో పడ్డాయి. తర్వాత డ్రోన్లు వచ్చాయి. డ్రోన్ డాబా మీదికి నెమ్మదిగా దిగి పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు వదిలి వెళ్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. మంగళవారం ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళ రబ్బరు పడవ వచ్చింది. ముందు ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు అన్నారు. అత్తయ్యగారిని బాబాయిగారి నవ్వారు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద నుంచి దించారు. తోడుగా నేనూ బాబూ ఎక్కాం. పడవ వెళ్తుంటే కింద నుంచి కీచుమని చప్పుడు వచ్చింది. ఏమిటని అడిగితే, కారు పైకప్పు తగిలిందమ్మా అన్నాడు ఆ అబ్బాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దించారు. అక్కడి నుంచి పోరంకిలో మా అక్క ఇంటికి. మా ఆయన మాత్రం ఇల్లు వదిలి రానని అక్కడే ఉండిపోయారు.

గండ్లు పూడ్చడానికి ఆర్మీ వాళ్ళు వచ్చి, ఇనుప బుట్టల్లో రాళ్ళు నింపి అడ్డం వేస్తూ, మొత్తానికి 7వ తారీఖున మూడో గండి కూడా మూసేశారు. ఆ రోజు వినాయక చవితి. ఆ తర్వాతే నీరు నిజంగా తీయడం మొదలైంది. 9వ తారీఖు సోమవారం పొద్దున మా ఆయన ఫోన్ చేశారు. "చీలమండల దాకా దిగాయి. రా" అన్నారు.

తలుపు ఉబ్బిపోయి రాలేదు. మా ఆయన, బాబు భుజాలు ఆనించి తోస్తే జానెడు తెరుచుకుంది. లోపల ఫ్రిజ్ తేలుతూ వచ్చి తలుపుకి అడ్డంగా పడి ఉంది. బీరువా ముందుకి బోర్లా పడింది. నేను దాని మీద పెట్టిన బట్టల మూటలన్నీ దాని కిందే. నల్లటి బురద, మా అరచేతి మందాన. మురుగు కాలవ, డీజిలు, కుళ్ళిన బియ్యం, అన్నీ కలిసిన వాసన. ఆ వాసన చెప్పడానికి నాకు మాట రావట్లేదు. గోడ మీద చుట్టూరా, నాలుగు గదుల్లోనూ ఒకే ఎత్తులో ఒక గీత ఉంది. ఎవరో దారం పట్టి గీసినట్టు తిన్నగా. పక్కకెళ్ళి నిలబడ్డాను. సరిగ్గా నా గడ్డం దగ్గర.

నేను వెంటనే చీపురు పట్టుకున్నాను. ఏడుపు రాకుండా ఉండాలంటే ఏదో ఒక పని చేయాలి. అప్పుడు పక్కింటి అబ్బాయి ఆపాడు. "అక్కా, ముందు ఫోటోలు తీయి. అన్నీ తీశాకే ముట్టుకో. ఆ గీత మాత్రం కడగొద్దు" అన్నాడు. వాడు చెప్పిన ఆ ఒక్క మాట తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెబుతాను. ప్రతి గదిలో గోడ, గీత, ఫ్రిజ్, మంచం, మిషన్లు, కనపడేలా ఫోటోలు తీశాం. గీత పక్కన బాబుని నిలబెట్టి ఒకటి తీశాం.

తర్వాత కడగడం. అది మూడు రోజులు పట్టింది. బురద తడిగా ఉన్నప్పుడే తీసేయాలి. ఒక్క ఎండ కాసిందా, పలుగు పెట్టి తవ్వాల్సి వస్తుంది. పారతో తట్టల్లోకి ఎత్తి వీధి చివర పోశాం. వేరే ఊరి మున్సిపాలిటీ నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికులు ఇద్దరు అడగకుండానే లోపలికి వచ్చి సాయం పట్టారు. వాళ్ళు వచ్చి నాలుగు రోజులైందట, ఫంక్షన్ హాల్లో నేల మీద పడుకుంటున్నారట. టీ ఇద్దామంటే నా ఇంట్లో గ్లాసు లేదు. రెండో రోజు మా వీధిలోకి ఫైరింజన్ వచ్చింది. పైపుతో గోడలకి కొడుతుంటే బురద పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గీత ఉన్న ఒక గోడని మాత్రం కొట్టొద్దని బతిమాలాను. ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్ళతో రెండుసార్లు.

కరెంటు సంగతి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మెయిన్ వేయాలని అందరికీ తొందరగా ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డులన్నీ విప్పి చూపించాడు. ఒక్కోదాంట్లో చెంచాడు బురద ఉంది. అవన్నీ ఆరబెట్టి, కొన్ని మార్చి, వారం తర్వాత వేశాం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కూడా అంతే, నీళ్ళు కారిపోయాయి కదా అని ప్లగ్గు పెట్టారా, అంతటితో సరి. మా వాషింగ్ మెషిన్ బతికింది. ఫ్రిజ్ బతకలేదు. బండి అయితే కిక్కు కొట్టకూడదని మా ఆయనకి ముందే తెలుసు. ఇంజిన్‌లో నీళ్ళు ఉండగా స్టార్ట్ చేస్తే లోపల రాడ్డు వంగిపోతుంది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, ఆయిలు మొత్తం తీయించి, రెండుసార్లు కొత్త ఆయిలుతో కడిగించారు. ఆ మెకానిక్ షాపు ముందు బళ్ళు వరస వీధి మలుపు దాకా ఉంది.

ఇక కాగితాల పని. వరద సాయం కింద కింది అంతస్తులో మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు వాళ్ళకి 10 వేలు, బైకుకి 3 వేలు ఇస్తామని సెప్టెంబర్ 17న ప్రకటించారు. అంతకు ముందే ఇళ్ళు తిరిగి నష్టం రాసుకునే టీములు వచ్చాయి. వాళ్ళు మా వీధికి వచ్చిన పూట మేము పోరంకిలో ఉన్నాం, నానిన బట్టలు ఉతకడానికి. తాళం వేసి ఉందని కింది పోర్షన్ వదిలేసి పైన బాబాయిగారిది రాసుకుని వెళ్ళారు. లిస్టు అంటించినప్పుడు చూస్తే ఆ ఇంటి నంబరు మీద ఒక్క పేరే ఉంది.

వార్డు సచివాలయం దగ్గరికి వెళ్తే మాలాంటి వాళ్ళు వందల మంది. లైన్లో నాలుగు గంటలు. నా వంతు వచ్చాక ఆధార్ అడిగారు. మా ఆధార్లన్నీ గుడివాడ అడ్రసుతో ఉన్నాయి, మార్చుకోలేదు. అద్దెకి అగ్రిమెంటు లేదు, నోటి మాట మీదే ఉంటున్నాం. మీరు ఇక్కడ ఉన్నట్టు ఏమిటి రుజువు అన్నారు. ఆ అమ్మాయి తప్పేం లేదు, చిన్న పిల్ల, పొద్దుట్నుంచి అందరి చేతా తిట్లు తింటోంది. కానీ 11 ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లో నేను ఉన్నానని రుజువు చేయమంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ట్రంకు పెట్టె తెచ్చి తెరిచాం. గ్యాస్ పుస్తకం ఈ అడ్రసుతోనే ఉంది. కానీ అట్టముక్కలా అతుక్కుపోయింది. కాగితాలు విడదీయడం నాకు ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ తెలిసింది. పూర్తిగా ఎండనిస్తే అస్సలు విడిపోవు. చెమ్మ ఉండగానే, పల్చటి ప్లాస్టిక్ స్కేలు అంచు నుంచి లోపలికి కొంచెం కొంచెంగా జరుపుతూ, విడిపోయిన పేజీ మధ్య వెంటనే న్యూస్‌పేపర్ ముక్క పెట్టాలి. ఫ్యాను కింద, ఎండలో కాదు. ఒక్కో పేజీకి పది నిమిషాలు. బాల్ పెన్నుతో రాసినవి అన్నీ నిలిచాయి. జెల్ పెన్నుతో, స్కెచ్ పెన్నుతో రాసినవి నీలం మరకలైపోయాయి. బాబు టెన్త్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించాం కాబట్టి అంచుల్లో మాత్రం చెమ్మ ఎక్కింది. మా పెళ్ళి ఆల్బం మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. ఫోటో ఫోటోకి అతుక్కుని, లాగితే రంగంతా అవతలి దానికి వచ్చేసింది. అమ్మ మొహం ఉన్న ఫోటో ఒక్కటి సగం దక్కింది.

గ్యాస్ పుస్తకం, బాబు కాలేజీ ఫీజు రసీదులు, బాబాయిగారు తెల్లకాగితం మీద రాసిచ్చిన ఉత్తరం, గీత పక్కన బాబు నిలబడిన ఫోటో, అన్నీ పెట్టి మళ్ళీ అర్జీ ఇచ్చాను. వారం తర్వాత ఇద్దరు వచ్చారు. అప్పటికి వీధిలో చాలా ఇళ్ళు కడిగేసి సున్నాలు కూడా వేసేశారు. మా ముందు గదిలో ఆ ఒక్క గోడ అలాగే ఉంది. వచ్చినాయన దాని దగ్గర నన్ను నిలబెట్టి ఫోటో తీసుకుని ట్యాబ్‌లో ఎక్కించాడు. కుట్టుమిషన్ల సంగతి అడిగాను. ఇంట్లో కుట్టుపని కాబట్టి దుకాణం కింద రాయడం కుదరదు అన్నాడు.

డబ్బు పడిందని లిస్టులో వచ్చింది, నా ఖాతాలో లేదు. మళ్ళీ టెన్షన్. నాలుగు రోజులు తిరిగాక బ్యాంకులో ఒకావిడ ఆధార్ నంబరు కొట్టి చూసి చెప్పారు. డబ్బు నేను ఇచ్చిన ఖాతాకి కాదు, ఆధార్‌కి లింకైన ఖాతాకి వెళ్తుందట. అది ఎప్పుడో గుడివాడలో తెరిచి మర్చిపోయిన ఖాతా. వెళ్ళి చూస్తే అక్కడ భద్రంగా ఉన్నాయి 25 వేలు. ఇలా ఇబ్బంది పడ్డవాళ్ళు మా వీధిలోనే ముగ్గురున్నారు. మీ ఆధార్ ఏ ఖాతాకి లింకైందో వీలున్నప్పుడు ఒకసారి చూసుకోండి. బ్యాంకులో ఐదు నిమిషాల పని.

కానీ ఇన్ని పనుల మధ్య నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనివి ఇవేవీ కావు. కస్టమర్ల బట్టలు. నా వస్తువు పోతే నేను ఏడ్చి ఊరుకుంటాను. ఇంకొకరు నమ్మి నా చేతిలో పెట్టింది పోతే ఏం చెప్పాలి?

పైకి తెచ్చిన రెండు సంచుల్లో 17 జాకెట్లు, రెండు చీరలు ఉన్నాయి. మిగతా 26 జాకెట్లు, తొమ్మిది చీరలు, ఆది జాకెట్లు బీరువా కింద బురదలో ఎనిమిది రోజులు నానాయి. బయటికి తీసినప్పుడు ఏది పట్టో ఏది నూలో చేత్తో తడిమితే తప్ప తెలియలేదు. అన్నీ ఒకే రంగు. మా దగ్గర ట్యాంకర్ నీళ్ళు బిందెకి కొట్లాట, అందుకే ఆటోలో వేసుకుని పోరంకి తీసుకెళ్ళాను. అక్కవాళ్ళింట్లో బోరు ఉంది.

మొదటి నాలుగు నీళ్ళు ఉత్త నీళ్ళే. సబ్బు పెడితే బురద పోగుల్లోకి ఇంకిపోతుంది. పిండకుండా, రెండు చేతుల మీద పరుచుకుని ముంచి ఎత్తడమే. ఐదో నీటికి రంగు బయటపడటం మొదలైంది. నూలువి సర్ఫులో వేశాం. పట్టువాటికి కుంకుడుకాయలు నానబెట్టి, రసం తీసి, నురగలో ముంచాను. అక్క, నేను పెరట్లో రెండు పీటల మీద కూర్చుని మూడు రోజులు అదే పని. ఒక మీగడ రంగు ధర్మవరం చీర ఉంది, మెరూన్ అంచుది. మడత విప్పుతుంటే నా చేతులు వణికాయి. అంచు రంగు దిగి, ఒంటి మీద మడత మడతకీ పూల మరకల్లాగా పడింది. జరీ నల్లబడింది. ఎన్ని నీళ్ళు మార్చినా ఆ మరక లేత గులాబీ దగ్గర ఆగిపోయింది, ఇంక దిగలేదు. మగ్గం వర్కు జాకెట్లు ఇంకో రకం బాధ. జిగురుతో అంటించిన రాళ్ళన్నీ రాలిపోయి బకెట్ అడుగున చేరాయి. లైనింగ్ కుంచించుకుపోయి పై గుడ్డ ముడతలు పడింది.

నీడలో ఆరేసి, తిరగేసి ఇస్త్రీ చేశాక లెక్క చూసుకున్నాను. జాకెట్లు 14 పర్వాలేదు. 12 పనికిరావు. చీరల్లో ఆరు బతికాయి, మూడు పోయాయి.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. దాదాపు అందరిదీ మునిగిన ఇల్లే. "నువ్వు బాగున్నావా అమ్మా, అది చాలు" అన్నవాళ్ళే ఎక్కువ. పాయకాపురం ఆంటీ అయితే తన జాకెట్టు మాటే ఎత్తలేదు, అత్తయ్యగారి షుగరు ఎంతుందని అడిగారు. అందరూ అలా ఉండాలని లేదు. ఒకావిడ, ఆవిడది మునగని ఏరియా, ముందే బట్టలు పైకి పెట్టుకోవాల్సింది కదా అని గట్టిగా అరిచి చీర డబ్బు మొత్తం అడిగారు. ఆవిడ కూతురి పెళ్ళి చీర అది, కోపం రావడం న్యాయమే. మూడు విడతల్లో ఇచ్చాను. ధర్మవరం చీర కండ్రిక అక్కది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. చీర విప్పి చాలాసేపు చూసి, "మా అమ్మ పెట్టింది. మరక ఉంటే ఉందిలే" అని మడతపెట్టుకుని తీసుకెళ్ళింది. ఆ 25 వేలల్లో 14 వేలు బట్టల వాళ్ళకే పోయాయి. అలా పోవడమే సరైనదని నాకూ మా ఆయనకీ ఇద్దరికీ అనిపించింది.

మిషన్లని మా ఆయనే బాగు చేశారు. ఇనుము సంగతి ఆయనకి తెలుసు. మొత్తం విప్పి, ఒక్కో ముక్కని కిరసనాయిలులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, మిషన్ ఆయిలు రాసి బిగించారు. బల్లలు చెక్కపొడివి కావడంతో ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి, అవి కొత్తవి చేయించాం. ఒక మిషను మోటారు కాలిపోయింది. దసరా ముందు రోజుల్లో ఒక మిషను తొక్కుతూ, పాత పద్ధతిలో కాలితోనే పని మొదలుపెట్టాను. మొదటి రోజు సూది దిగుతుంటే గుడ్డ మీద సన్నటి నల్లటి చుక్కలు పడ్డాయి. లోపల ఇంకా ఎక్కడో బుడమేరు మట్టి ఉంది. చిత్తుగుడ్డ మీద రెండు గంటలు ఊరికే కుట్టాను, చుక్కలు ఆగేదాకా.

సంక్రాంతికి బాబాయిగారు సున్నం వేయించారు. ముందు గది గోడకి రెండు చేతులు వేసినా ఆ గీత మసగ్గా కనపడుతూనే ఉంది. ఇప్పుడు ఆ గీత కంటే రెండడుగులు పైన గోడకి ఇనుప పట్టీల అరలు కొట్టించుకున్నాను. జాకెట్లన్నీ జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచుల్లో వేసి అక్కడే పెడతాను. పేరు చీటీలు బాల్ పెన్నుతోనే రాస్తాను. ముందు ఆ తేడా తెలియక స్కెచ్ పెన్నుతో రాసేదాన్ని, అందుకే ఆ రోజు గుడ్డలకి గుచ్చిన చీటీలన్నీ తెల్లకాగితాలైపోయాయి.

అలా ఎవరివో తెలియని ఆది జాకెట్లు ఐదు మిగిలాయి. వరద తర్వాత మా వైపు చాలామంది ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఫోన్లు పోయినవాళ్ళూ ఉన్నారు. ఐదూ ఉతికి ఇస్త్రీ చేసి ఒక సంచిలో పెట్టాను. ఒకటి వంకాయ రంగు, వెనక దోరీకి రెండు చిన్న కుచ్చులు. ఒకటి చిలకపచ్చ నూలుది, మోచేతి దాకా చేతులు, చంక దగ్గర నేనే ఒకసారి వదులు చేసిన గుర్తు ఉంది. ఒకటి నల్లది, ముందు హుక్కులు, కింది హుక్కు బదులు పిన్నీసు. ఒకటి ఆవపువ్వు రంగు, పిల్లలకి పాలిచ్చే తల్లిదై ఉంటుంది, ముందు జిప్పులు పెట్టించుకుంది. ఇంకొకటి ఎర్రంచు తెల్లది, పెద్దావిడది, చాలా పాతది, మెడ దగ్గర చేత్తో వేసిన కాజా కుట్టు. అది కుట్టింది నేను కాదు, ఎవరో చాలా ఓపికగా కుట్టారు. సింగ్‌నగర్ వైపు కుట్టుకి ఇచ్చి మర్చిపోయినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. అరలో మొదటి సంచి అదే.